నొక్కితే దిగే ట్యాపెట్, దిగని ట్యాపెట్



పాత కారు బానెట్ ఎత్తి ఇంజన్ స్టార్ట్ చేస్తే చాలు, చుట్టూ చేరినవాళ్లలో తలా ఒక మాట పుడుతుంది. "ట్యాపెట్లు కొడుతున్నాయి, టైట్ చేయిస్తే సరిపోతుంది" అంటాడు ఒకాయన. "ముందు ఆయిల్ ఎంతుందో చూడండి" అంటాడు ఇంకొకాయన. "ఈ బండికసలు ట్యాపెట్ సెట్టింగే ఉండదండీ" అని మూడో ఆయన కొట్టిపారేస్తాడు. విచిత్రమేమిటంటే ముగ్గురూ నిజమే చెబుతూ ఉండొచ్చు, కాకపోతే మూడు వేరువేరు ఇంజన్ల గురించి! ఎదురుగా ఉన్న ఇంజన్‌లో ఏ రకం ట్యాపెట్లున్నాయో తేలకుండా ఎవరి మాట పట్టుకుని స్పానర్ తీసినా దెబ్బ తినేది వాల్వులే.

ట్యాపెట్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి సాలిడ్, అంటే గట్టి ఉక్కు ముక్క. రెండోది హైడ్రాలిక్, అంటే లోపల ఆయిల్ నింపుకుని తన పొడవు తానే సర్దుకునేది. పైకి రెండూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. చేసే పనీ ఒకటే. క్యామ్ షాఫ్ట్ తిరుగుతూ ట్యాపెట్‌ను పైకి నెడుతుంది, ట్యాపెట్ పుష్ రాడ్‌ను నెడుతుంది, పుష్ రాడ్ రాకర్ ఆర్మ్‌ను ఒక వైపు ఎత్తితే రెండో వైపు వాల్వును కిందికి తోసి తెరుస్తుంది. తేడా అంతా వాల్వు మూసుకున్నాక మిగిలే సందులో ఉంది.

లోహం వేడికి పెరుగుతుంది. చల్లటి ఇంజన్‌లో రాకర్‌కూ వాల్వుకూ మధ్య సందు లేకుండా బిగిస్తే, ఇంజన్ వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వు విషయంలో ఇది మరీ ప్రమాదం. వందల డిగ్రీల వేడిలో పనిచేసే ఆ వాల్వు తన వేడిలో చాలా భాగాన్ని సీటు మీద కూర్చున్న ఆ కాస్త సమయంలోనే హెడ్‌కు వదిలించుకుంటుంది. కూర్చునే వీలు లేకపోతే అంచు కాలి, తినేసుకుపోతుంది. అందుకే సాలిడ్ ట్యాపెట్లున్న ఇంజన్‌కు కంపెనీవాళ్లు ఒక కొలత ఇస్తారు. మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచిన 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ బ్రిటన్‌లోని బీఎంసీ సంస్థ బీ-సిరీస్ కుటుంబానికి చెందినది. దానికి సందు 0.015 అంగుళం, అంటే సుమారు 0.38 మిల్లీమీటరు. షెడ్డు భాషలో పదిహేను థౌ.

ఆ సందు మూసుకున్న ప్రతిసారీ ఒక చిన్న దెబ్బ పడుతుంది. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు 1500 సార్లు తెరుచుకుంటుంది. నాలుగు సిలిండర్లకు ఎనిమిది వాల్వులు కాబట్టి నిమిషానికి 12,000 దెబ్బలు. పాత బండి దగ్గర వినిపించే ఆ సన్నటి, ఆగని టిక్ టిక్ అదే. సాలిడ్ ట్యాపెట్ల ఇంజన్‌కు అది జబ్బు లక్షణం కానే కాదు. పైగా ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగిపోతేనే అనుమానించాలి, సందు పూర్తిగా మూసుకుపోయిందేమోనని.

ఈ చప్పుడు ఖరీదైన కార్లు కొనేవాళ్లకు నచ్చలేదు. 1930లో కాడిలాక్ సంస్థ తెచ్చిన పదహారు సిలిండర్ల కారులో ఆయిల్ ఒత్తిడితో వాల్వు సందును తనంతట తానే పూడ్చే ఏర్పాటు పెట్టారు. ఆ తర్వాత పియర్స్-యారో వంటి సంస్థలు ఆ సర్దుబాటును నేరుగా ట్యాపెట్ లోపలికే తీసుకొచ్చాయి.

హైడ్రాలిక్ ట్యాపెట్ లోపల ఒక చిన్న ప్లంజర్, దాని కింద ఒక స్ప్రింగు, ఆయిల్‌ను లోపలికి రానిచ్చి వెనక్కి పోనివ్వని ఒక బాల్ వాల్వు ఉంటాయి. వాల్వు మూసుకుని ఉన్నప్పుడు స్ప్రింగు ప్లంజర్‌ను పైకి నెట్టి సందు మిగలకుండా చేస్తుంది, ఖాళీ అయిన చోటికి ఆయిల్ వచ్చి చేరుతుంది. క్యామ్ ఎత్తడం మొదలుపెట్టగానే బాల్ మూసుకుంటుంది. నీళ్లు నింపిన ఇంజక్షన్ సిరంజి మూతికి వేలు అడ్డం పెట్టి వెనక నుంచి నొక్కితే ఎలా కదలదో, ఆయిల్ చిక్కుకున్న ప్లంజర్ కూడా అలాగే గట్టిబడి ఉక్కు ముక్కలా పనిచేస్తుంది. అయినా ప్లంజర్ పక్కనుంచి అతి కొద్దిగా ఆయిల్ కారుతూనే ఉంటుంది. కారడం అవసరం కూడా, లేకపోతే లోహం పెరిగినప్పుడు ట్యాపెట్ పొడవు తగ్గే దారి ఉండదు. ఇలా కొద్దిగా కారడమే రెండు రకాలనూ వేరుచేసి చూపించే గుర్తు.

కొత్తది వచ్చింది కదా, పాతది పోయి ఉంటుందిలే అనుకోవడానికి వీల్లేదు. అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. షెవర్లే 235 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్‌నే తీసుకుందాం. జనరల్ మోటార్స్ 1928 నుంచి 1954 దాకా బొంబాయిలోని సెవ్రీలో కార్లు, ట్రక్కులు బిగించి అమ్మింది కాబట్టి ఆ కాలపు షెవర్లేలు మన దేశానికి కొత్త కాదు. 1953లో అమెరికాలో ఈ 235 ఇంజన్ రెండు రూపాల్లో వచ్చింది. చేత్తో గేర్లు మార్చే కారులో 108 హార్స్‌పవర్, సాలిడ్ ట్యాపెట్లు. పవర్‌గ్లైడ్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న కారులో 115 హార్స్‌పవర్, హైడ్రాలిక్ ట్యాపెట్లు. అదే ఏడాది షెవర్లే వారి కార్వెట్ స్పోర్ట్స్ కారు పవర్‌గ్లైడ్‌తోనే వచ్చింది, ఇంజన్ అదే 235, కానీ ట్యాపెట్లు మాత్రం సాలిడ్! 1956 వచ్చేసరికి కార్లలోని 235 అంతా హైడ్రాలిక్ వైపు మళ్లింది. ఒకే బ్లాకు, ఒకే పరిమాణం, ఒకే కంపెనీ. చూడడానికి అన్నీ ఒకటే. లోపల వేరు.

ఎందుకిలా? మామూలు కారు కొనేవాడికి నిశ్శబ్దం కావాలి, మాటిమాటికి సెట్టింగ్ గొడవ ఉండకూడదు. ట్రక్కు నడిపేవాడికి ఖర్చు తగ్గాలి, బండి మొండిగా నడవాలి. పందెం కారు నడిపేవాడికి ఇంజన్ ఎక్కువ చుట్లు తిరగాలి. విపరీతమైన వేగంలో వాల్వు స్ప్రింగులు క్యామ్‌ను వెంటాడలేక ఒక్క క్షణం సందు ఏర్పడితే, హైడ్రాలిక్ ట్యాపెట్ దాన్ని కూడా పూడ్చేస్తుంది. అప్పుడు వాల్వు మూసుకోకుండా నిలిచిపోయి శక్తి పడిపోతుంది. సాలిడ్ ముక్కకు ఆ తెలివి లేదు. వేగంలో అదే దాని బలం.

1957 కార్వెట్ ఇందుకు చక్కటి సాక్ష్యం. రెండు రూపాలకూ 283 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజనే, రెంటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే. హైడ్రాలిక్ ట్యాపెట్లున్నది 250 హార్స్‌పవర్ ఇస్తే, ఇంజనీరు జోరా ఆర్కస్-డంటోవ్ పేరు మీద ప్రసిద్ధికెక్కిన క్యామ్‌తో, సాలిడ్ ట్యాపెట్లతో వచ్చినది 283 ఇచ్చింది. 1967 నుంచి 1969 దాకా వచ్చిన షెవర్లే కమారో జెడ్-28లోనూ సాలిడ్ ట్యాపెట్లే. దాని క్యామ్‌ను అభిమానులు థర్టీ-థర్టీ అని పిలిచేవారు, ఇన్‌లెట్‌కూ ఎగ్జాస్ట్‌కూ 0.030 అంగుళం చొప్పున సందు కాబట్టి. అంబాసిడర్ సందుకు అది సరిగ్గా రెట్టింపు.

ఇక గుర్తుపట్టడం ఎలా? షెడ్డులో ఎక్కువగా వినిపించే సలహా ఒకటుంది: రాకర్ మీద సర్దే స్క్రూ, లాక్ నట్ ఉంటే సాలిడ్, లేకపోతే హైడ్రాలిక్. చాలా బండ్లకు ఇది సరిపోతుంది కూడా. కానీ నమ్మి నిలబడదగ్గ సూత్రం కాదు. ఇప్పుడు చెప్పుకున్న షెవర్లే వీ8లో ప్రతి రాకర్‌నూ మధ్యలో ఒక నట్ పట్టి ఉంచుతుంది, ట్యాపెట్ ఏ రకమైనా ఆ నట్‌ను తిప్పి సర్దాల్సిందే. ఆరు సిలిండర్ల 235లో కూడా రెండు రకాలకూ రాకర్ మీద స్క్రూలున్నాయి. దీనికి సరిగ్గా తిరగేసిన ఉదాహరణ 1932లో మొదలైన ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8. అందులో సాలిడ్ ట్యాపెట్లే, కానీ సర్దే స్క్రూ ఊసే లేదు. సందు తక్కువైతే వాల్వు కాడ కొసను అరగదీసి సరిచేసేవారు. స్క్రూ ఉన్నంత మాత్రాన సాలిడ్ అనలేం, లేనంత మాత్రాన హైడ్రాలిక్ అనలేం.

తయారైన సంవత్సరం చూసి చెప్పొచ్చు కదా అంటారు కొందరు. అక్కడా మలుపులున్నాయి. ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్‌లోని రెండు లీటర్ల గాలితో చల్లబడే ఇంజన్ 1977 దాకా సాలిడ్, అమెరికాకు వెళ్లిన 1978 మోడల్ నుంచి హైడ్రాలిక్. క్రైస్లర్ వారి స్లాంట్ సిక్స్ ఇంజన్ 1960 మోడల్ నుంచి ఇరవై ఏళ్ల పాటు సాలిడ్‌గా నడిచి 1981లో మారింది. బండి రిజిస్ట్రేషన్ కాగితంలోని ఏడాది ఈ సరిహద్దుల దగ్గర ఉంటే అది ఏ పక్కదో చెప్పడం కష్టం. పైగా యాభై ఏళ్ల బండిలో ఇంజన్ మారి ఉండొచ్చు, ఓవర్‌హాల్ చేసినప్పుడు క్యామ్, ట్యాపెట్లు మార్చి ఉండొచ్చు.

కాబట్టి వరస ప్రకారం వెళ్లడం మేలు. మొదట కాగితం. ఓనర్స్ మాన్యువల్‌లో, వర్క్‌షాప్ మాన్యువల్‌లో, లేదా బానెట్ కింద అతికించిన స్టిక్కర్ మీద వాల్వు క్లియరెన్స్ అని మిల్లీమీటర్లలోనో అంగుళాల్లోనో అంకె ఉంటే సాలిడ్. హైడ్రాలిక్ అనో, సర్దనవసరం లేదనో రాసి ఉంటే రెండోది. అంకె ఇన్‌లెట్‌కు ఒకటి, ఎగ్జాస్ట్‌కు మరొకటి ఉందా, చల్లటి ఇంజన్‌కా వేడి ఇంజన్‌కా అన్నది కూడా అప్పుడే రాసిపెట్టుకోవాలి. తర్వాత అదే అవసరమవుతుంది.

రెండోది చెవి. రాత్రంతా నిలిచిన బండిని తెల్లవారాక స్టార్ట్ చేసి వినాలి. మొదట కొన్ని క్షణాలు గట్టిగా కొట్టుకుని, ఆయిల్ ప్రెషర్ అందగానే చప్పుడు సద్దుమణిగితే హైడ్రాలిక్ అనుకోవచ్చు, రాత్రి ప్లంజర్లలోంచి ఆయిల్ దిగిపోయి ఉంటుంది. చల్లగా ఉన్నా వేడెక్కినా ఒకే తీరున సన్నగా టిక్ టిక్‌మంటూ ఉంటే సాలిడ్ కావొచ్చు. చెవి దారి చూపిస్తుందే గాని తీర్పు చెప్పలేదు. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ కాస్త లీకైనా అచ్చం ట్యాపెట్ చప్పుడే వస్తుంది. ఇంజెక్షన్ బండ్లలో ఇంజెక్టర్లు కూడా టకటకమంటాయి. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను హెడ్ కవర్ మీద, పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే చప్పుడు ఎక్కడిదో కొంత తేలుతుంది. అయితే ఫ్యాన్, బెల్టు తిరుగుతున్న వైపు చెయ్యి, చొక్కా పోనివ్వకూడదు.

మూడోది చెయ్యి. తీర్పు ఇక్కడే. బ్యాటరీ వైరు తీసేసి, హెడ్ కవర్ విప్పాలి. పుల్లీ నట్‌కు స్పానర్ వేసో, అంబాసిడర్ లాంటి బండికి హ్యాండిల్ పెట్టో ఇంజన్‌ను నెమ్మదిగా తిప్పి, ఒక సిలిండర్‌ను కంప్రెషన్ టాప్ మీదికి తేవాలి. అప్పుడు దాని రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి. ఒకటి, మూడు, నాలుగు, రెండు క్రమంలో మండే నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో నాలుగో సిలిండర్ రాకర్లు ఒకటి లేస్తూ ఒకటి దిగుతూ ఊగే చోట ఆపితే మొదటి సిలిండర్ సరైన స్థితిలో ఉన్నట్టే.

ఇప్పుడు ఆ సిలిండర్ రాకర్‌ను పుష్ రాడ్ ఉన్న వైపు వేలితో ఆడించి చూడాలి. సాలిడ్ అయితే చిన్న సందు మేర టక్కుమని కదిలి, రాయిలా ఆగిపోతుంది. సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు అందులో దూరుతుంది. హైడ్రాలిక్ అయితే సందే ఉండదు, రేకు దూరదు. రాకర్‌ను పుష్ రాడ్ వైపు గట్టిగా, వదలకుండా నొక్కి పట్టుకుంటే కొద్ది క్షణాల్లో మెల్లగా దిగడం మొదలవుతుంది. ప్లంజర్ పక్కనుంచి కారే ఆయిల్ చేతికి అలా తెలుస్తుంది. వదిలేస్తే స్ప్రింగు మళ్లీ పైకి నెడుతుంది. నెలల తరబడి తిరగని ఇంజన్‌లోనైతే ఆయిల్ ముందే దిగిపోయి ఉంటుంది కాబట్టి నొక్కగానే స్ప్రింగులా ఆడుతుంది.

ఒక్క వాల్వు చూసి తేల్చేయకూడదు, కనీసం రెండు సిలిండర్లవైనా చూడాలి. పాత ఆయిల్ గట్టిపడి ప్లంజర్ ఇరుక్కుపోతే హైడ్రాలిక్ ట్యాపెట్ కూడా సాలిడ్‌లాగే మొరాయిస్తుంది. అలాంటప్పుడు ట్యాపెట్‌ను బయటికి తీయడమే చివరి దారి. 235 లాంటి ఇంజన్‌లో పక్క మూత విప్పితే ట్యాపెట్లు కనిపిస్తాయి. వీ8 అయితే ఇన్‌టేక్ మానిఫోల్డ్ దించాలి. తీసిన ట్యాపెట్ నడినెత్తిన, పుష్ రాడ్ కూర్చునే గిన్నెలాంటి చోట, పుష్ రాడ్‌తోనే నొక్కాలి. దిగితే హైడ్రాలిక్, ఇరుక్కున్న ప్లంజర్ కాదని తేలాక కూడా దిగకపోతే సాలిడ్. పైన వైరు రింగు కనిపించింది కదా, పక్కన ఆయిల్ కన్నం ఉంది కదా అని హైడ్రాలిక్ అనేయడం తొందరపాటే. రాకర్లకు ఆయిల్ కొలిచి పంపడానికి కన్నం, రింగు ఉన్న సాలిడ్ ట్యాపెట్లు కూడా షెవర్లేలో ఉన్నాయి. తీసిన ప్రతి ట్యాపెట్‌నూ దాని కన్నంలోనే తిరిగి పెట్టాలి. అది తన క్యామ్ ముక్కుతో కలిసి అరిగి జతపడి ఉంటుంది. జతలు మారిస్తే రెండూ పాడవుతాయి.

క్యామ్ షాఫ్ట్ హెడ్ పైనే ఉండే ఇంజన్లలో పుష్ రాడ్‌లు ఉండవు. అలాంటి చాలావాటిలో క్యామ్ కింద గిన్నె బోర్లించినట్టుండే ట్యాపెట్‌ను చూడాలి. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ 1980ల మధ్య దాకా వాడిన సాలిడ్ రకంలో ఆ గిన్నె నెత్తిన గుండ్రటి షిమ్ బిళ్ల విడిగా కనిపిస్తుంది. సందు సర్దాలంటే ఆ బిళ్ల తీసి వేరే మందం బిళ్ల వేయాలి. 1985లో హైడ్రాలిక్‌కు మారాక బిళ్ల పోయింది, నెత్తి నున్నగా ఒకటే ముక్కగా ఉంటుంది.

తెలుగునాట ఇప్పటికీ రోడ్డు మీదో షెడ్డులోనో కనిపించే బండ్ల సంగతి చూస్తే, అంబాసిడర్ 1489, ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబరులో మొదలైన మారుతి 800 మూడూ సాలిడే. మూడింటిలోనూ రాకర్ మీద స్క్రూ, లాక్ నట్ ఉంటాయి, ఫీలర్ గేజ్‌తో సెట్టింగ్ చేయాలి. 1990లలో వచ్చిన దేవూ సియెలో హైడ్రాలిక్. 1999 నాటి ఫోర్డ్ ఐకాన్ దగ్గర మాత్రం జాగ్రత్త. 1.3 పెట్రోల్ పుష్ రాడ్ ఇంజన్‌కు ట్యాపెట్ సెట్టింగ్ ఉంది, 1.6 రోకామ్ ఇంజన్‌కు హైడ్రాలిక్ కాబట్టి లేదు. బండి వెనక పేరు ఒకటే. మోటార్‌సైకిళ్లలో పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ సాలిడ్, పక్క మూత తీసి పుష్ రాడ్ వేళ్లతో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు అన్న లెక్కన సర్దేవారు. 2009 ప్రాంతంలో ఇంజన్, గేర్‌బాక్స్ ఒకటిగా వచ్చిన బుల్లెట్ ఇంజన్ హైడ్రాలిక్.

రకం తెలిశాక చేసే పని పూర్తిగా మారిపోతుంది. షెవర్లే వీ8 హైడ్రాలిక్‌ను సర్దేటప్పుడు సందు సున్నా అయ్యేదాకా నట్ బిగించి, ఆపైన ఇంకో పూర్తి చుట్టు తిప్పాలన్నది కంపెనీ పద్ధతి. ప్లంజర్ తన గదిలో మధ్యకు దిగి, రెండు వైపులా సర్దుకునే చోటు ఉంటుంది. అదే చుట్టు సాలిడ్ ట్యాపెట్‌కు వేస్తే వాల్వు తెరుచుకునే ఉండిపోతుంది, కంప్రెషన్ పోతుంది, ఎగ్జాస్ట్ వాల్వు కాలుతుంది. హైడ్రాలిక్‌కు ఫీలర్ గేజ్ పెట్టి సందు వదిలితే వాల్వు కాలదు గాని చప్పుడు ఆగదు, దెబ్బలకు రాకర్లు, వాల్వు కొసలు అరుగుతాయి. క్యామ్ మార్చేటప్పుడు కూడా ట్యాపెట్ రకానికి తగ్గదే వేయాలి. సాలిడ్ క్యామ్ ముక్కుకు సందును మెల్లగా పూడ్చే ఏటవాలు ఉంటుంది, హైడ్రాలిక్ క్యామ్‌కు ఆ అవసరం లేదు.

హైడ్రాలిక్ ఇంజన్ కొట్టుకుంటుంటే స్పానర్ కన్నా ముందు డిప్‌స్టిక్ తీయాలి. ఆయిల్ తక్కువైనా, మురికిపట్టినా, గ్రేడు తప్పినా మొదట మూలిగేది ట్యాపెట్టే. సాలిడ్ ఇంజన్‌కు మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకు ఒకసారి సెట్టింగ్ చూపించాలి, చప్పుడు పెరిగే దాకా ఆగకూడదు, ఎందుకంటే సందు తగ్గిపోయిన వాల్వు చప్పుడు చేయదు.

పాత బండి ఉన్న శ్రోతలు ఈసారి సర్వీసుకు ఇచ్చినప్పుడు హెడ్ కవర్ విప్పించి, మేస్త్రీ చేతే రాకర్ నొక్కించి చూడండి. తేలిన రకం, సాలిడ్ అయితే సందు కొలత, చల్లగానా వేడిగానా అన్న మాట సర్వీసు పుస్తకంలో రాయించి పెట్టుకోండి. బండి చేతులు మారితే ఆ పుస్తకం కూడా కొన్నవాళ్లకు ఇవ్వండి.